ఇరవయ్యో సెకను

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి దక్షిణామూర్తి వంటింటి బల్ల మీద పొడుగు నోటుపుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, రేడియో గొంతు పెంచాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో అదొక వ్రతం. రాజమండ్రి నుంచి షెఫీల్డ్‌కి వచ్చిన కొత్తలో ఇక్కడివాళ్ళ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. వారం వారం రేడియోలో చదివే నలభై పాటల జాబితా విని రాసుకుంటూ ఆయన ఆ భాషని చెవికి అలవాటు చేసుకున్నాడు. తర్వాత ఇంగ్లీషు వచ్చింది, మందుల షాపులో ఉద్యోగం వచ్చింది, కూతురు పుట్టింది, జుట్టు ఊడింది. రాయడం మాత్రం ఆగలేదు. ఇప్పుడు రాస్తున్నది పధ్నాలుగో పుస్తకం.

ఆయన భార్య వకుళ పొయ్యి దగ్గర ఉల్లిపాయ పకోడీలు వేస్తూ వింటోంది. వింటోందనడం కన్నా భరిస్తోందనడం నిజం.

ముప్ఫై తొమ్మిదో పాట వకుళ స్కూల్లో ఉన్నప్పటిది. ముప్ఫై ఎనిమిదోది ఆమె పుట్టకముందుది. ముప్ఫై ఏడోదాన్ని పాడిన నలుగురిలో ముగ్గురు పోయారు. నాలుగో ఆయన్ని ఎనభై రెండేళ్ళ వయసులో వృద్ధాశ్రమం నుంచి పట్టుకొచ్చి, మెరుపుల కోటు తొడిగి, టీవీలో నిలబెట్టారు. పాపం ఆయనకి పల్లవి తప్ప గుర్తులేదు. ఇరవై దాటాయి, పది దాటాయి, అయిదు దాటాయి. కొత్తదన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఈ వారం నలభైకి నలభై పాటలూ పాతికేళ్ళు దాటినవే. ఇది చరిత్ర," అంది రేడియో అమ్మాయి. మొదటి స్థానం ముప్ఫై ఒక్కేళ్ళ క్రితం చనిపోయిన గాయకుడిది. ఆ అమ్మాయి ఆయనకి అభినందనలు కూడా చెప్పింది.

"చూశావుటోయ్ వకుళా," అన్నాడు మూర్తి. "నలభైకి నలభై. ఇదివరకటి పుస్తకాల్లోంచి కాపీ కొట్టేస్తే సరిపోయేది, ఇంత కష్టపడి వినక్కర్లేదు. అంతా నీ చలవే."

వకుళకి ఒళ్ళు మండిపోయింది. బస్సెక్కితే పాత పాట. కూరల షాపులో పాత పాట. పళ్ళ డాక్టరు నోట్లో మిషను పెట్టి కూనిరాగం తీస్తాడు, అదీ పాతదే. పక్కింటి పదహారేళ్ళ పిల్ల గోడవతల బట్టలారేస్తూ వాళ్ళ అమ్మమ్మ కాలపు పాట పాడుతుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ. వీటన్నిటికీ కారణమైన మనిషిని దేశమంతా తిట్టుకున్నా ఆమెకి ఏ బాధా లేదు, ఎందుకంటే ఆ మనిషి వకుళ అని దేశానికి తెలీదు. ఇంట్లో మొగుడు వారానికోసారి గుర్తుచేస్తేనే ప్రాణం విసిగిపోతోంది.

"మీరు పకోడీ తిని ఊరుకోండి," అంది పళ్ళెం ఆయన ముందు పడేసి.

అప్పుడే కూతురు సంహిత కిందికి దిగి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. పదో ఏట గిటారు పట్టింది, మళ్ళీ దింపలేదు. సొంతంగా రాసుకుని పాడిన మొదటి పాట బయటికొచ్చి మూడు నెలలైంది. జాబితాలో నలభై కాదు కదా, నాలుగువందల్లో కూడా దాని జాడ లేదు. ఆ పిల్ల నోటుపుస్తకం వైపు చూడనైనా చూడకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సోమవారమే సంతకం పెట్టాలిట నాన్నా. పాటల కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు."

"దేనికి సంతకం?"

"చెప్పాను కదా. ఆ చచ్చిపోయిన గాయని ఉందే, ఆవిడ గొంతుకి నా గొంతు దగ్గరగా ఉందిట. అయిదేళ్ళు ఆవిడ పాటలు ఆవిడలాగే పాడాలి. నేను రాసుకున్నవి పాడకూడదు, బయటపెట్టకూడదు."

"అయిదేళ్ళా!" అన్నాడు మూర్తి. ఆయన పెన్ను ఆగిపోయింది.

"ఇంకేం చెయ్యమంటారు నన్ను? నా పాట ఒక్కళ్ళూ వినట్లేదు. నచ్చలేదంటే సరే, ఏడుస్తాను, ఇంకోటి రాస్తాను. అసలు వినట్లేదు నాన్నా."

"నీ పాటకేం తక్కువే?" వకుళ గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. "నేను పదిసార్లకి పైగానే విన్నాను. చివర్లో ఆ వేణువు వస్తుంది చూడు, అక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు పులకరిస్తుంది."

సంహిత తల్లి మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. "థాంక్స్ అమ్మా," అని లేచి, పళ్ళెం ముట్టుకోకుండా మేడమీదికి వెళ్ళిపోయింది.

"దానికేమైందిట?" అంది వకుళ. మూర్తి తెలియదన్నట్టు భుజాలెగరేసి మొదటి స్థానం దగ్గర చనిపోయినాయన పేరు రాసుకున్నాడు.

*

పన్నెండేళ్ళ క్రితం ఇదంతా మొదలైంది డోరతీతో. ఆవిడ జీవితమంతా కత్తులూ చెంచాలూ చేసే ఫ్యాక్టరీలో పనిచేసింది. మతిమరుపు జబ్బు వచ్చి, పదకొండు నెలలుగా మాట పడిపోయి ఆస్పత్రి కిటికీ పక్కన కూర్చుని ఉండేది. వకుళ అప్పుడు విశ్వవిద్యాలయం లాబ్‌లో పరిశోధకురాలు. శనగగింజంత పూస ఒకటి తయారుచేసి ఆవిడ చెవిలో పెట్టింది. ఆ పూస పాటలు వినిపిస్తుంది. వినిపిస్తూనే చెవి వెనక చర్మం పులకరిస్తోందా లేదా అని కనిపెడుతుంది. పులకరిస్తే అలాంటిదే ఇంకోటి వెతుకుతుంది, లేకపోతే వదిలేస్తుంది. మూడోరోజున ఒక పాత డాన్సు పాట దగ్గర డోరతీ కళ్ళు పైకెత్తి, "నా కోటేదీ?" అని అడిగింది. నర్సులు ఏడ్చారు. వకుళ కూడా ఏడ్చింది, తర్వాత పరుగెత్తుకెళ్ళి నిజంగానే ఒక కోటు తెచ్చి తొడిగింది.

ఒకటే చిక్కు వచ్చిపడింది. తెలియని పాట వస్తే డోరతీ హడలిపోయేది. ఇరవై సెకన్ల దాకా ఓర్చుకునేది, ఆ తర్వాత మణికట్లు రక్తం వచ్చేలా గోక్కునేది. చూడలేక వకుళ ఒక నియమం రాసింది: ఇరవై సెకన్లలో పులకరింత రాకపోతే పాట మార్చెయ్యి. టక్కున మారిస్తే కూడా ఆవిడ ఉలిక్కిపడేది. అందుకని ఒక పాటలోంచి ఇంకో పాటలోకి అతుకు తెలియకుండా జారిపోయేలా చేసింది. ఆ అతుకు పని చూసి లాబ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. వకుళకి కూడా గర్వంగానే ఉండేది.

తర్వాత లాబ్ కంపెనీ అయింది. పూస జబ్బులేనివాళ్ళ చెవుల్లోకీ వచ్చింది. కంపెనీ పెట్టిన పేరు ఏదో ఉంది గానీ వకుళ ఇంట్లో దాన్ని చెవిపూస అనేవారు. ఇప్పుడు దేశంలో ముగ్గురిలో ఇద్దరి చెవుల్లో అదే. మూర్తి చెవిలో ఉంది, వకుళ చెవిలో ఉంది. సంహిత మాత్రం పెట్టుకోదు.

శనివారం పొద్దున్నే వకుళ ఆఫీసుకి వెళ్ళింది. కూతురి మొహం కళ్ళముందు ఆడుతోంది. పాట లెక్కలు తీసి చూస్తే ఏదో లోపం దొరక్కపోదు, సరిచేస్తే సరిపోతుంది అనుకుంది. కంపెనీ నడిపే ఫియోనా అప్పటికే కాఫీ కప్పుతో అక్కడ ఉంది. ఆ రోజు కోటు వెతకడానికి వకుళతో పాటు పరుగెత్తింది ఈ ఫియోనాయే. ఇప్పుడు ఆవిడకి ఇద్దరు కార్యదర్శులున్నారు, ఒక అద్దాల గది ఉంది.

"మంచిదైంది వచ్చావు," అంది ఫియోనా ఒక కాగితం ముందుకు తోసి. "ఏడాదికోసారి పెట్టే సంతకం. సోమవారం లోపు కావాలి."

అది భద్రతా పత్రం. ఇరవై సెకన్ల నియమం మొదట రోగుల కోసం రాసింది కాబట్టి, మిగతా జనం పూసల్లో దాన్ని వాడడానికి ఏటా దాన్ని కనిపెట్టిన మనిషి సంతకమో, అది లేకపోతే ఇంకో నిపుణుడి పరీక్షలో ఉండాలని ప్రభుత్వం షరతు పెట్టింది. గత ఆరేళ్ళుగా వకుళ చదవకుండానే పెట్టేస్తోంది.

"ముందు నాకు ఒక పాట లెక్క చూపించు," అంది వకుళ. "మా అమ్మాయిది."

ఫియోనా తెర మీద తీసి చూపించింది. సంహిత పాట నాలుగు లక్షల చెవుల్లో మొదలైంది. అర నిమిషం వింటేనే ఒకసారి విన్నట్టు జాబితా లెక్కలోకి వస్తుంది. అర నిమిషం దాటినవి రెండువందల పన్నెండు.

"మిగతావాళ్ళంతా ఎక్కడ ఆపేశారు?"

"వాళ్ళు ఆపలేదు వకుళా. పూస మార్చేసింది. ఇరవయ్యో సెకను దగ్గర." ఫియోనా గొంతులో దాపరికమేమీ లేదు. "మీ అమ్మాయిదే కాదు, ఎవరి కొత్త పాటైనా ఇంతే. మొదటిసారి వినగానే ఎవరికి పులకరింత వస్తుంది చెప్పు? పదిసార్లు వినాలి, ఒక వానాకాలం గడవాలి, ఎవరో ఒకరు వదిలేసి పోవాలి. అప్పుడు కదా."

వకుళ తెర మీది అంకెల్ని మళ్ళీ చదివింది. ఇది తనకి తెలియని విషయమా? తెలుసు. తెలిసీ ఆరేళ్ళుగా ఆ నియమాన్నీ కొత్త పాటల్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

"పక్కింటి పదహారేళ్ళ పిల్ల కూడా పాతవే వింటోంది," అంది నెమ్మదిగా.

"వాళ్ళమ్మ కార్లో పెట్టినవి. ఆ పిల్లకి గుర్తున్నవి అవే."

"మరి ఆ పిల్లకి రేపు గుర్తుండడానికి ఏముంటాయి?"

ఫియోనా కాఫీ తాగింది. "జనం సంతోషంగా ఉన్నారు. నియమం తీసేసిన రోజున పూస చెవిలోంచి తీసి పారేస్తారు. నువ్వు సంతకం పెట్టకపోతే లండన్ నుంచి ఇంకో నిపుణుణ్ణి తెచ్చి మళ్ళీ పరీక్షలు చేయించుకుంటాను. ఆ ఆరు వారాలు నియమం లేకుండా నెట్టుకొస్తాను, అంతే. నీకూ నాకూ మధ్య ఉన్నది మాత్రం అక్కడితో చెడుతుంది."

"రోగుల పూసల్లో ఉంచు. మిగతావాళ్ళకి తీసెయ్యమంటున్నాను."

"సంతకం పెట్టు వకుళా."

వకుళ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. లేచి వెళ్ళబోతూ ఆగింది. పూస పెట్టుకున్నవాళ్ళు తాము విన్న పాటల చిట్టా తాము చూసుకోవచ్చు. ఇంకొకరిది చూడకూడదు, తనది చూసుకోవచ్చు. ఆ మూడు నెలల్లో సంహిత పాట తను ఎన్నిసార్లు విన్నదో చూపిద్దామని, నేనొక్కదాన్నైనా విన్నానని ఆ పిల్లకి కాగితం మీద చూపిద్దామని, తన చిట్టా తెరిచింది.

పదకొండుసార్లు మొదలుపెట్టింది. పదకొండుసార్లూ ఇరవయ్యో సెకను దగ్గర పూస మార్చేసింది. మారిన పాట కూడా పదకొండుసార్లూ ఒక్కటే. ధవళేశ్వరంలో పెద్దమ్మ మిద్దె మీద వడియాలు పెడుతూ రేడియోలో వినే, మాటల్లేని వాద్య సంగీతం. అందులో ఉంది వేణువు.

సంహిత పాటలో వేణువు లేదు.

వకుళ ఎంత అతుకు తెలియకుండా చేసిందో, అంత చక్కగానూ తననే మోసం చేసింది ఆ పూస. కన్నకూతురి పాట తల్లి చెవిలో ఇరవై సెకన్లు మోగింది, మిగతాదంతా వడియాల ఎండ. ఆ ఎండకి పులకరించి, ఆ పులకరింత కూతురి పాటదనుకుని, నిన్న సాయంత్రం గరిటె ఊపుతూ మెచ్చుకుంది. అప్పుడు ఆ పిల్ల చూసిన చూపు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

*

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి సంహిత వంటింట్లోనే ఉంది. చనిపోయినావిడ పాట ఒకటి కాగితం మీద రాసుకుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని సాధన చేస్తోంది. గొంతు అచ్చం ఆవిడదే. వింటే ఎవరైనా భయపడతారు.

వకుళ సంచీ బల్ల మీద పెట్టి, చెవిపూస తీసి ఉప్పు డబ్బా పక్కన పడేసింది.

"వేణువు లేదు కదే నీ పాటలో," అంది.

సంహిత తీగల మీద చెయ్యి ఆపింది. "లేదమ్మా."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పమంటావు? నువ్వు వినలేదమ్మా అని చెప్పాలా? నీకు తెలియదని అర్థమైంది. నువ్వు అబద్ధమాడితే తిట్టేదాన్ని." ఆ పిల్ల వేలితో తీగ ఒకటి లాగి వదిలింది. "నువ్వు కూడానా అనుకున్నాను. అంతే. అప్పుడే సంతకం పెట్టేద్దామని నిశ్చయించుకున్నాను."

వకుళ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "పాడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నీది."

సంహిత పాడింది. ఇంగ్లీషు పాట. ట్రాములో కూర్చున్న ఒక పిల్ల తన స్టాపు వచ్చినా దిగకుండా, వాన చూస్తూ చివరి దాకా వెళ్ళిపోతుంది. అంతే విషయం. నిజం చెప్పాలంటే వకుళకి విసుగొచ్చింది. రాగం ఎటు పోతుందో తెలియడం లేదు. ఎక్కడ ఆగుతుందనుకుంటే అక్కడ ఆగదు. ఇరవై సెకన్లయిందో లేదో చెవి వెనక జిల పుట్టింది, చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"అదిగో, చెయ్యి," అంది సంహిత పాట మధ్యలో.

"నోరుమూసుకుని పాడవే," అంది వకుళ, చెయ్యి దింపి ఒళ్ళో రెండో చేత్తో పట్టుకుని.

పాట అయిపోయింది. ఒళ్ళు పులకరించలేదు. ఎక్కడా పులకరించలేదు. వకుళకి ఏడుపొచ్చినంత పనైంది. కూతురి పాట నచ్చకపోతే ఆ తల్లి ఏం చెయ్యాలి? ఇన్నాళ్ళూ ఆ కష్టం లేకుండా పూస కాపాడుకొచ్చింది.

"ఎలా ఉంది?" అంది సంహిత, జవాబు తెలిసినట్టే.

"తెలీదు. మళ్ళీ పాడు."

రెండోసారి మధ్యలో మూర్తి వచ్చాడు. షాపు నుంచి వస్తూ వస్తూ ఏదో పాత పాట హుషారుగా ఈల వేస్తున్నాడు.

"ముందు ఆ పూస తియ్యండి చెవిలోంచి," అంది వకుళ.

"నేనేం చేశానే?"

"ఏం చెయ్యలేదు, అదే వచ్చిన బాధ. తీసి ఇక్కడ పెట్టి కూర్చోండి."

ఆయన బుద్ధిగా తీసి ఉప్పు డబ్బా పక్కన పెట్టాడు. సంహిత మూడోసారి మొదట్నుంచీ పాడింది. ఈసారి ట్రాము మలుపు తిరిగే చోట రాగం కిందికి దిగుతుందని వకుళకి ముందే తెలిసింది. దిగింది. దిగినందుకు ఆమెకి చిన్న సంతోషం కలిగింది. పులకరింత కాదది. వీధిలో రోజూ ఎదురయ్యే మనిషి ఇవాళ మొదటిసారి నవ్వితే మనకెలా ఉంటుందో అలా ఉంది, అంతే.

"చివరి చరణం కొంచెం సరిచెయ్యాలి," అంది సంహిత. తల్లి మొహంలో ఏం కనబడిందో గానీ ఆ పిల్ల మొహానికి కూడా కొంచెం రంగు వచ్చింది. "కాగితముందా?"

వకుళ సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి, తిరగేసి ఇచ్చింది. సంహిత ఇటు తిప్పి చదివింది.

"అమ్మా, ఇది మీ ఆఫీసుది. నువ్వు సంతకం పెట్టాల్సింది."

"తెలుసు. వెనక ఖాళీగానే ఉందిగా, రాసుకో."

"ఫియోనా ఊరుకుంటుందా?"

"ఊరుకోదు. ఉద్యోగం కూడా పోవచ్చు. ఆరు వారాల్లో ఇంకొకణ్ణి తెచ్చుకుంటుంది, మళ్ళీ మామూలే." వకుళ ఒక్క క్షణం డోరతీ కోటుని తలుచుకుంది. ఆ రోజు ఎంత బావుంది. "ఈ ఆరు వారాలూ మాత్రం జనం ఏది వస్తే అది చివరిదాకా వినాలి. నీ పాట నచ్చుతుందని నేను చెప్పలేను. నాకే ఇంకా తెలీదు. నా సంతకం సంగతి తేలిపోయింది. నీది నీ ఇష్టం."

చనిపోయినావిడ పాట రాసుకున్న కాగితాన్ని సంహిత బల్ల మీంచి తీసి, మూర్తి టీ కాచి తెచ్చిన వేడి గిన్నె కింద వేసింది. గిన్నె మసి దానికి గుండ్రంగా అంటుకుంది. తర్వాత గిటారు సర్దుకుని నాలుగోసారి అందుకుంది.

మూర్తి పధ్నాలుగో పుస్తకం తీసి ఊరికే ముందు పెట్టుకున్నాడు. ట్రాము మలుపు తిరిగింది. రాగం కిందికి దిగింది. వాన మొదలైంది. చివరి చరణం దగ్గర సంహిత చటుక్కున ఆగిపోయింది, పెదవి కొరుక్కుంటూ.

"దిగాల్సిన చోటు దాటిపోయింది, గొడుగు మాత్రం అక్కడే దిగింది," అని వకుళ అందించింది. ఇంగ్లీషులో, రాగంతో సహా, కొంచెం అపశ్రుతిగా.

మూర్తి తలెత్తి చూశాడు. సంహిత కళ్ళు పెద్దవి చేసింది.

"మరిచిపోయి ఆగలేదమ్మా," అంది ఆ పిల్ల మెల్లగా. "ఆ లైను బాలేదు. మార్చేద్దామని ఆగాను."

వకుళకి ఎక్కడలేని కోపం వచ్చింది. "మార్చావంటే ఊరుకోను," అంది. "నాకు ఇప్పుడే కదే వచ్చింది."